ఇంట్లో క్రియోలు, బడిలో ఆంగ్లము: మన చిన్నారులకు తోడ్పడుట ఎట్లు?

ఉగాది పూజకో, రామభజనానికో మందిరంలో కలుసుకొన్నప్పుడు తల్లిదండ్రులు మా వంటి ఉపాధ్యాయులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మా వాడు ఇంట్లో గడగడ మాట్లాడుతాడు. ఆంగ్ల పుస్తకం తెరిస్తే మాత్రం నోరు మెదపడు. ఏమి చేయాలి టీచరుగారూ?" అని. దాని వెంటనే రెండవ మాట కూడా వస్తుంది. "తెలుగు తరగతి మాన్పించి, ఆ వేళకు ఆంగ్లానికి ట్యూషన్ పెట్టిస్తే మంచిదా?" మొదటి ప్రశ్న న్యాయమైనది, దానికి ఓపికగా జవాబు చెప్పాలి. రెండవ మాటలో మాత్రం ఒక అపోహ దాగి ఉన్నది. తెలుగు నేర్చుకొంటే ఆంగ్లం వెనుకబడుతుందని చాలామంది అనుకొంటున్నారు. మా అనుభవంలో సంగతి దీనికి దాదాపు వ్యతిరేకం. అది ఎందుకో, ఇంట్లోనూ తరగతిలోనూ మనం చేయగలిగినది ఏమిటో ఇక్కడ వివరంగా చెప్పదలచుకొన్నాము.

ముందుగా మన ద్వీపంలో భాషల పరిస్థితిని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. 1810లో ఆంగ్లేయులు ఈ ద్వీపాన్ని ఫ్రెంచివారినుండి గెలుచుకొన్నారు. పాలకులు మారారు గాని జనం నోటి భాష మారలేదు. చెరకు తోటలకు ఒప్పందం మీద వచ్చిన మన పూర్వీకులు తెలుగును వెంట తెచ్చుకొన్నారు, తోటలో క్రియోలు నేర్చుకొన్నారు, తాము చదవలేని భాషలో వ్రాసిన కాగితాలమీద గుర్తు పెట్టారు. ఆ కాగితాల బాధ తెలిసినవారు కనుకనే తమ పిల్లలకు ఆంగ్లం రావాలని అంతగా తపించారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జాతీయ సభకు ఆంగ్లమే అధికార భాషగా నిర్ణయమైనది. 1957 నాటి విద్యా నిబంధనలు మొదటి మూడు తరగతులలో పిల్లలకు అనువైన ఏ భాషలోనైనా బోధించవచ్చునని, నాలుగవ తరగతినుండి ఆంగ్లమే బోధనాభాష అని చెప్పాయి. అయితే లెక్కల పుస్తకం మాత్రం మొదటి తరగతినుండే ఆంగ్లంలో ఉంటుంది.

ఇక ఇళ్ళ సంగతి చూడండి. 2011 జనాభా లెక్కలలో నూటికి ఎనభైమందికి పైగా తాము ఇంట్లో మాట్లాడేది క్రియోలు అని చెప్పారు. ఆంగ్లం అని చెప్పినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా నేడు చాలా కొద్ది. పత్రికలు చాలావరకు ఫ్రెంచిలో వస్తాయి. అంటే ఆంగ్లం మనలో ఎవరి ఇంటి భాషా కాదు, ఎవరి వీధి భాషా కాదు. అది పుస్తకపు భాష, పరీక్ష భాష, ఆఫీసు భాష. ఇంగ్లండులో పెరిగే పిల్లవాడు అయిదేళ్ళకు బడికి వచ్చేసరికి ఆంగ్లం మాట్లాడుతూ వస్తాడు, బడిలో దానిని చదవడం నేర్చుకొంటాడు. మన పిల్లవాడు అదే అయిదవ యేట గ్రేడు 1లో చేరి, తనకు రాని భాషను, తనకు రాని లిపిలో, మరొక రాని భాష అయిన ఫ్రెంచితో కలిపి ఒకేసారి చదవాలి. దానికి తోడు తెలుగు తీసుకొన్నవానికి తెలుగు అక్షరాలు. ఇంత బరువు మోస్తున్న పిల్లవానిని "మొద్దు" అనడం అన్యాయం.

ఈ బరువు ఆంగ్లం పీరియడుతోనే ఆగిపోదు. లెక్కలలోనూ కనిపిస్తుంది. "ఆరు మామిడిపండ్లలో రెండు తింటే ఎన్ని మిగిలాయి?" అని క్రియోలులో అడిగితే ఠక్కున నాలుగు అని చెప్పే పిల్లవాడు, అదే ప్రశ్న పుస్తకంలో ఆంగ్లంలో ఉంటే ఆగిపోతాడు. మిగిలాయి అనడానికి ఆంగ్లంలో 'లెఫ్ట్' అంటారు. అతనికి తెలిసిన లెఫ్ట్ ఎడమచేయి. ఎడమప్రక్క ఎన్ని పండ్లున్నాయో బొమ్మలో వెతుకుతాడు. అట్లాగే "పదిహేనుకు తొమ్మిదికి డిఫరెన్స్ ఏమిటి?" అంటే "పదిహేను పెద్దది" అని వ్రాసే పిల్లలుంటారు. ఆ జవాబులో తెలివి లేదని ఎవరనగలరు? అడిగిన ప్రశ్నకు అది మంచి జవాబే. లెక్కల భాషలో డిఫరెన్స్ అంటే తీసివేత అని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రాథమిక విద్య చివర జరిగే పరీక్ష, 1980నుండి 2016వరకు సి.పి.ఇ. అని పిలువబడినది, 2017నుండి పి.ఎస్.ఎ.సి. అయినది, పేరు మారినా అందులో లెక్కలు, సైన్సు ప్రశ్నలు ఆంగ్లంలోనే. కావున ఆంగ్లం రాని పిల్లవాడు లెక్కల్లో తప్పాడని మార్కులు చూపితే, అతనికి రానిది లెక్కలా, భాషా అని తల్లిదండ్రులు ముందు విచారించాలి. అదే లెక్కను ఇంటి భాషలో నోటితో అడిగి చూస్తే రెండు నిమిషాలలో తెలిసిపోతుంది.

ఇప్పుడు మన పిల్లలు సరిగ్గా ఎక్కడ తడబడుతారో చూద్దాము. దేశదేశాల కోసం వ్రాసిన పుస్తకాలలో ఈ సంగతులు ఉండవు, ఎందుకంటే ఇవి మన పిల్లలకే వచ్చే చిక్కులు.

మొదటి చిక్కు అక్షరాల పేర్లు. ఒకే రోమన్ లిపిని పిల్లవాడు ఉదయం ఆంగ్లంగా, మధ్యాహ్నం ఫ్రెంచిగా నేర్చుకొంటాడు. కాని అవే అక్షరాలకు రెండు చోట్ల పేర్లు వేరు. ఆంగ్లంలో 'ఐ' అని పిలిచే అక్షరాన్ని ఫ్రెంచిలో 'ఈ' అంటారు. ఆంగ్లంలో 'ఈ' అని పిలిచేది పూర్తిగా వేరొక అక్షరం. కనుక ఆంగ్లం డిక్టేషన్‌లో 'పెన్' అనే మాటను "పీ, ఈ, ఎన్" అని కూడబలికితే, కొందరు పిల్లలు ఫ్రెంచి చెవితో విని 'పిన్' అని వ్రాస్తారు. 'పిన్' కూడా ఆంగ్లంలో ఒక మాటే కావడంవల్ల పొరపాటు ఎక్కడ జరిగిందో ఇంట్లోవారికి అంతుచిక్కదు. 'ఏ' కూడా అంతే. ఆంగ్లంలో అది మొదటి అక్షరం పేరు. ఫ్రెంచి చెవికి మాత్రం అది తలపై గీత ఉన్న మరొక అచ్చు. అన్నిటికంటె విచిత్రం ఇది: ఆంగ్లంలో 'జీ' అనే అక్షరం ఫ్రెంచిలో 'ఝే', ఆంగ్లంలో 'జే' అనే అక్షరం ఫ్రెంచిలో 'ఝీ'. సరిగ్గా తలక్రిందులు. పెద్దవారమైన మేము కూడా ఫోనులో ఎవరి పేరైనా ఈ అక్షరాలతో చెప్పేటప్పుడు ఒక క్షణం ఆగుతాము.

దీనికి ఉపాయం ఏమిటంటే, తొలి నెలలలో అక్షరం పేరు జోలికి పోకుండా దాని పలుకు నేర్పడం. 'బీ' అని కాక 'బ్', 'ఎమ్' అని కాక 'మ్'. ఆ పలుకులను కలిపితే మాట వస్తుంది. తెలుగు తరగతికి వెళ్ళే పిల్లలకు ఈ సంగతి అర్థం చేసుకోవడం చాలా సులభం. తెలుగులో అక్షరం పేరూ పలుకూ ఒకటే. 'మ' పేరు 'మ', పలుకూ 'మ'. 'మ' ప్రక్కన 'ల' వ్రాస్తే 'మల' అని అయిదేళ్ళ పిల్ల తానే చదువుతుంది. వ్రాత అంటే మాటలోని ధ్వనులను కాగితంమీద పెట్టడమే అనే గుట్టు ఆమెకు తెలుగు పలకమీద తెలిసింది. ఆ గుట్టు ఒకసారి తెలిసినవారికి ఏ లిపిలోనైనా పనికి వస్తుంది. అక్షరాల పేర్లు తరువాత నేర్పవచ్చు. నేర్పేటప్పుడు ఆంగ్లం పుస్తకానికి ఒక రంగు అట్ట, ఫ్రెంచి పుస్తకానికి మరొక రంగు అట్ట వేసి, "ఎర్ర పుస్తకంలో దీని పేరు ఇది, నీలం పుస్తకంలో అది" అని చెబితే పిల్లలకు నిలుస్తుంది.

రెండవ చిక్కు ఒకే స్పెల్లింగుతో రెండు భాషలలోనూ ఉండి, అర్థం మాత్రం వేరైన మాటలు. ఆంగ్లంలో 'పెయిన్' అంటే నొప్పి. సరిగ్గా అవే నాలుగు అక్షరాలు ఫ్రెంచిలో రొట్టె. 'కాయిన్' ఆంగ్లంలో నాణెం, ఫ్రెంచిలో మూల. 'సేల్' ఆంగ్లంలో అమ్మకం, ఫ్రెంచిలో మురికి. 'చాట్' ఆంగ్లంలో కబుర్లు, ఫ్రెంచిలో పిల్లి. 'ఫోర్' ఆంగ్లంలో నాలుగు అనే అంకె, ఫ్రెంచిలో రొట్టె కాల్చే పొయ్యి. 'మెయిన్' ఆంగ్లంలో ముఖ్యమైనది, ఫ్రెంచిలో చేయి. పొట్టలో పెయిన్ అనే వాక్యానికి బొమ్మ వేయమంటే పొట్టలో రొట్టె వేసే పిల్లవానిని చూసి నవ్వు రావచ్చు, కాని వాడు బాగా చదివాడు, వేరే భాషలో చదివాడు అంతే. ఇటువంటి మాటలకు అట్టముక్కలు చేసి, ఒక వైపు ఆంగ్లపు అర్థం బొమ్మ, రెండవ వైపు ఫ్రెంచి అర్థం బొమ్మ వేయించండి. పిల్లలు దానిని ఆటగా ఆడుకొంటారు. అదే సమయంలో రెండు భాషలలోనూ రూపం, అర్థం దగ్గరగా ఉన్న మాటలు ఎన్నో ఉన్నాయని కూడా చూపాలి: టేబుల్, ఫ్రూట్, యానిమల్, ట్రయాంగిల్, మల్టిప్లికేషన్. పాఠాలలో వచ్చే పెద్దపెద్ద మాటలలో సగం మన పిల్లలకు క్రియోలు ద్వారా అప్పుడే తెలిసినవే. పలుకు మార్చి చెప్పడమే మిగిలిన పని.

మూడవది ఉచ్చారణ. ఇక్కడే తెలుగు తరగతి ప్రయోజనం అందరికంటె స్పష్టంగా కనిపిస్తుందని మా నమ్మకం. క్రియోలులో 'ష' లేదు, 'స' ఉన్నది. ఫ్రెంచిలో 'షా' అనే పిల్లి క్రియోలులో 'సాత్'. 'జ' స్థానంలో నాలుక మెత్తగా రాసుకొనే ధ్వని ఉన్నది. 'హ' లేనే లేదు. ఆస్పత్రి 'లొపిటాల్', హోటలు 'లొటేల్'. అందువల్ల కొందరు పిల్లలు ఆంగ్లంలో 'షిప్' అనడానికి 'సిప్' అని, 'హౌస్' అనడానికి 'అవుస్' అని అంటారు. 'హెయిర్', 'ఎయిర్' వారి నోట ఒకటైపోతాయి. ఇప్పుడు అదే పిల్లలు మందిరంలో ఏమంటున్నారో వినండి. హారతి అంటారు, హనుమంతుడు అంటారు, శివుడు అంటారు, జెండా అంటారు, చెరకు అంటారు. ఈ ధ్వనులన్నీ వారి నోటిలో ఉన్నాయి! తెలుగు వేళలో ఉన్నవి ఆంగ్లం వేళకు ఎక్కడికి పోయాయి? ఎవరూ రెండింటినీ కలిపి చూపలేదు. "హారతిలోని 'హ' తీసుకొని హౌస్ అను. చెరకులోని 'చ' తీసుకొని చెయిర్ అను" అని ఒక్కసారి చెప్పి చూడండి. ముఖ్యంగా 'చెయిర్' మాటలోని మొదటి రెండు అక్షరాలను ఫ్రెంచి అలవాటుతో 'ష' అని చదివే పిల్లలకు ఈ పోలిక వెంటనే అందుతుంది.

హ్రస్వ దీర్ఘాల సంగతీ ఇంతే. 'షిప్' అంటే ఓడ, 'షీప్' అంటే గొర్రె. 'ఫుల్' అంటే నిండినది, 'ఫూల్' అంటే తెలివితక్కువవాడు. క్రియోలు చెవికి ఇవి ఒకటిగా వినిపిస్తాయి. తెలుగు చెవికి అట్లా కాదు. పుట వేరు, పూట వేరు. విడు వేరు, వీడు వేరు. గుణింతం చదివిన పిల్లకు ఇ, ఈల తేడా ఒక రోజు పాఠం. ఆంగ్లంలో ఆ తేడా కేవలం పొడుగు పొట్టి తేడా మాత్రమే కాదు, నోటి ఆకారం కూడా కొద్దిగా మారుతుంది. అయినా తేడా ఉన్నదని వినగలగడమే మొదటి మెట్టు. న్యాయంగా చెప్పాలంటే క్రియోలు ఇచ్చే సాయం కూడా ఉన్నది. 'జూ', 'జీరో' అనే మాటలలోని మొదటి ధ్వని, పెదవి పంటికి ఆనించి పలికే 'ఫ్', 'వీ' 'డబ్ల్యు'ల భేదం, ఇవి తెలుగులో లేవు. మన పిల్లలకు క్రియోలు నుండి సహజంగా వస్తాయి. ఈ విషయంలో మన పిల్లలు ఆంధ్రదేశంలో పెరిగే పిల్లలకంటె అదృష్టవంతులు.

వాక్యం దగ్గరకు వచ్చినప్పుడు కూడా రెండు భాషలూ చెరొక చేయి అందిస్తాయి. క్రియోలులో క్రియ మారదు: మో మాంజె, తో మాంజె, లి మాంజె, అందరికీ ఒకటే. అందుకే 'హీ ఈట్స్' అనవలసిన చోట పిల్లలు 'హీ ఈట్' అంటారు. తెలుగులో క్రియకు తోక ఉంటుంది: తింటాను, తింటావు, తింటాడు. చేసేవాడు మారితే తోక మారుతుందని తెలుగు పిల్లకు తెలుసు. ఆంగ్లంలో మారేది ఒక్కచోటనే అని చెబితే ఆమె సంతోషిస్తుంది! బహువచనమూ అంతే. క్రియోలులో 'ఎన్ లివ్', 'దే లివ్', 'బాన్ లివ్' అన్నప్పుడు పుస్తకం అనే మాట చివర ఏమీ చేరదు. తెలుగులో పుస్తకం, పుస్తకాలు. ఆంగ్లపు 'బుక్', 'బుక్స్' దీనికి జంట. 'లి' అనే ఒక్క మాట క్రియోలులో మగవానికి, ఆడదానికి, వస్తువుకు కూడా సరిపోతుంది. అందుకే చెల్లెలిని 'హీ' అనే పిల్లలు చాలామంది. తెలుగులో అతడు, ఆమె అని వేరువేరుగా అంటామని గుర్తు చేయవచ్చు.

కాని తెలుగు వాక్యాన్ని మాటకు మాట ఆంగ్లంలోకి మార్చమని మాత్రం చిన్నపిల్లలకు చెప్పవద్దు. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఆంగ్లంలో నడుమ వస్తుంది. ఇక్కడ క్రియోలే దగ్గరి చుట్టం. 'మో మాంజ్ దిపాఁ' అనే వాక్యం వరుసలోనే ఆంగ్ల వాక్యమూ నడుస్తుంది. అయితే రెండు చోట్ల తెలుగు, క్రియోలు రెండూ కలిసి పిల్లవానిని ఆంగ్లానికి దూరంగా లాగుతాయి. ఒకటి, 'లి మలాద్' అన్నా, 'అతడు ఉపాధ్యాయుడు' అన్నా నడుమ 'ఈజ్' వంటి మాట లేదు. కనుక పిల్లవాడు 'హీ సిక్' అంటాడు. రెండవది వయస్సు. క్రియోలులో 'మో ఎనా విత్ ఆన్' అంటే నా దగ్గర ఎనిమిది సంవత్సరాలు ఉన్నాయని. తెలుగులో 'నాకు ఎనిమిదేళ్ళు'. ఆంగ్లంలో మాత్రం 'ఐ యామ్ ఎయిట్', నేనే ఎనిమిది! ఈ రెండింటినీ వ్యాకరణ సూత్రంగా చెప్పనక్కరలేదు. పాటలాగా, పలకరింపులాగా రోజూ అనిపిస్తే చాలు.

ఇంత చెప్పిన తరువాత మొదటి సందేహానికి జవాబు పాఠకులకే తెలిసి ఉంటుంది. ఒక భాషలో సంపాదించిన తెలివి మరొక భాషకు అడ్డురాదు. చదువు మొదలుపెట్టడానికి పిల్లవాని మాతృభాష ఉత్తమమైన సాధనమని యునెస్కో 1953లోనే ప్రకటించింది. మన ప్రాథమిక పాఠశాలలలో 2012నుండి క్రియోలును కూడా ఐచ్ఛిక భాషగా చేర్చారు. దానివల్ల తెలుగు తీసుకొనేవారు తగ్గుతారని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది, కాని దాని చర్చ వేరు. ఇక్కడ మేము చెప్పేది ఇంతే: ఆంగ్లం పేరు చెప్పి తెలుగు మాన్పించడానికి కారణం లేదు. తెలుగు తరగతి ఆంగ్లం నేర్పుతుందని కూడా మేము అనడంలేదు. పైన చెప్పిన పోలికలను ఉపాధ్యాయుడు నోరు తెరిచి చూపితేనే ప్రయోజనం. లేకపోతే రెండు తరగతులు రెండు గదులలో తలుపులు మూసుకొని నడుస్తాయి.

ఇక ఇంట్లో ఏమి చేయాలి? తమకు ఆంగ్లం రాదు కనుక తాము ఏమీ చేయలేమని తల్లులు, అవ్వలు అనుకొంటారు. నిజానికి అన్నిటికంటె పెద్ద పని వారిదే. మీకు బాగా వచ్చిన భాషలో పిల్లలతో ఎక్కువగా మాట్లాడండి. వచ్చీ రాని ఆంగ్లంలో, లేదా గొప్ప కోసం వచ్చీ రాని ఫ్రెంచిలో, "రా, తిను, పడుకో" అనే మూడు మాటలతో సరిపెట్టడంకంటె క్రియోలులోనో తెలుగులోనో "ఎందుకు?", "తరువాత ఏమయింది?", "నీవైతే ఏమి చేస్తావు?" అని అడగడం వెయ్యి రెట్లు మేలు. కారణం చెప్పడం, వరుసగా చెప్పడం, పోల్చి చెప్పడం ఇంట్లో నేర్చుకొన్న పిల్లవానికి ఆంగ్లంలో కొత్తగా కావలసినవి మాటలు మాత్రమే. ఆలోచన అప్పుడే సిద్ధంగా ఉంటుంది.

రెండవది, పిల్లవానిచేత బడి పుస్తకాన్ని రోజూ పది పదిహేను నిమిషాలు పైకి చదివించండి. అవ్వకు చదవడం రాకపోయినా సరే. ఆమె ప్రక్కన కూర్చుని విని, "ఈ బొమ్మలో ఎవరు? వీడెందుకు ఏడుస్తున్నాడు?" అని అడగాలి. పిల్లవాడు ఆంగ్లంలో చదివి అవ్వకు తన భాషలో చెబుతాడు. ఇది అనువాదమూ అయింది, అవగాహన పరీక్షా అయింది, మనవనికి గౌరవమూ దక్కింది. తడబడిన ప్రతి మాట దగ్గరా ఆపవద్దు. అదే పుస్తకాన్ని వారంలో నాలుగుసార్లు చదివినా విసుగు మనకేగాని పిల్లలకు కాదు. చిన్నపిల్లలకు తెలిసిన కథే ఇష్టం.

మూడవది వంటగది. మన దుకాణాలలో దొరికే పాలడబ్బాలు, బిస్కెట్ పొట్లాలు, సబ్బుల మీద చాలావాటికి ఆంగ్లం, ఫ్రెంచి రెండూ ఉంటాయి. 'మిల్క్' ఎక్కడున్నది, 'షుగర్' ఎక్కడున్నది వెతకమనండి. పప్పు పూరీలకు పిండి కలిపేటప్పుడు కప్పులు ఆంగ్లంలో లెక్కపెట్టించండి. బస్సులో వెళ్ళేటప్పుడు దారిలోని బోర్డులు చదివించండి. తుఫాను వచ్చే రోజులలో హెచ్చరిక ఎన్నవ తరగతికి చేరిందో ఆంగ్ల వార్తలలో విని చెప్పే పని పెద్ద పిల్లకు అప్పగించండి. పని ఉన్నప్పుడు చెవి దానంతట అదే నిక్కుతుంది. చేతిలో ఫోను పెట్టి ఆంగ్ల బొమ్మల సినిమా చూపి వదిలివేస్తే ఆంగ్లం వస్తుందనే నమ్మకం ఈమధ్య బాగా వ్యాపించింది. చిన్నపిల్లలకు భాష జవాబు చెప్పే మనిషినుండి వస్తుంది. ఆ బొమ్మలు ప్రక్కన కూర్చుని చూస్తూ మాట్లాడితే కొంత మేలు. ఒంటరిగా చూస్తే కళ్ళకు శ్రమ.

తరగతిలో మా తోటి ఉపాధ్యాయులకు ఒకటి రెండు మనవులు. గ్రేడు 1, 2లలో పుస్తకం తెరవడానికి ముందు చెవికి, నోటికి చాలా పని ఇవ్వాలి. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆషర్ 1960 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉన్నది: ఉపాధ్యాయుడు ఆజ్ఞ ఇస్తూ తానే చేసి చూపుతాడు, పిల్లలు మాట్లాడకుండా చేస్తారు. లేవండి, తలుపు తాకండి, పెన్సిలు బల్లక్రింద పెట్టండి. మాట్లాడమని బలవంతం లేదు కనుక సిగ్గరి పిల్లలు కూడా పాల్గొంటారు, 'ఆన్', 'అండర్', 'బిహైండ్' వంటి చిన్న మాటలు శరీరానికే అలవాటవుతాయి. కొన్ని వారాలకు ఆజ్ఞ ఇచ్చే పని పిల్లలే అడిగి తీసుకొంటారు.

కథను మూడు రోజులు చెప్పడం మాకు బాగా పనికి వచ్చిన పద్ధతి. మొదటి రోజు కథ పూర్తిగా ఇంటి భాషలో. కుందేలు, తాబేలు కథలు మనకు ఉన్నాయి. 1888లో షార్ల్ బైసాక్ ప్రచురించిన మన ద్వీపపు జానపద కథలలోనూ కుందేలు తాబేళ్ళు ఉన్నాయి, కనుక ఏ ఇంటి పిల్లకూ అవి పరాయివి కావు. రెండవ రోజు అదే కథ చిన్న చిన్న ఆంగ్ల వాక్యాలలో, బొమ్మలతో, అభినయంతో. కథ ముందే తెలుసు కనుక పిల్లవాడు భయపడడు. మాటలకు అర్థం తానే ఊహిస్తాడు. మూడవ రోజు పిల్లలే వేషాలు వేసి ఆడుతారు. నాలుగవ రోజు ఎవరైనా పుస్తకం తెరిస్తే ఆ వాక్యాలు పాత స్నేహితులవలె కనిపిస్తాయి.

పొడుపు కథలను కూడా వదలవద్దు. "సిరాందాన్?" అని ఒకరు అనగానే "సాంపెక్!" అని అందరూ అరిచే ఆట మన ఊళ్ళలో అందరికీ తెలుసు. నిలబడిన నీరు ఏది? చెరకు. వేలాడే నీరు? కొబ్బరికాయ. వీటిని ఆంగ్లంలో అడగడానికి కావలసినవి నాలుగైదు మాటలే. ఊహించే తొందరలో పిల్లలు తప్పు మాట్లాడతామనే భయం మరచిపోతారు.

తప్పులు దిద్దే తీరు గురించి ఒక మాట. "హీ ఈట్ రైస్" అని పిల్ల అంటే, "తప్పు, మళ్ళీ చెప్పు" అనవద్దు. "అవునా, హీ ఈట్స్ రైస్, మరి ఏమి తాగుతాడు?" అని సరియైన రూపం వినిపించి సంభాషణ సాగనివ్వండి. వ్రాతలో ఒక పేజీకి ఒక్క రకం తప్పు మాత్రమే దిద్దండి. పేజీ అంతా ఎర్ర సిరా చూసిన పిల్లవాడు మరునాడు తక్కువ వ్రాస్తాడు. తక్కువ వ్రాస్తే తప్పులు తక్కువ అని వాడు నేర్చుకొన్న పాఠం అది. అర్థం కానప్పుడు క్రియోలులో ఒక వాక్యం చెప్పి వెంటనే ఆంగ్లానికి తిరిగి రావడం నేరమేమీ కాదు. పాఠమంతా క్రియోలులో నడిపి చివర ఆంగ్ల జవాబులు బోర్డుమీదనుండి ఎత్తివ్రాయించడం మాత్రం పిల్లలకు ద్రోహమే. పుస్తకం నిండుతుంది, తల ఖాళీగా ఉంటుంది. అటువంటి ఎత్తివ్రాతను డబ్బు ఇచ్చి ట్యూషన్‌లో రెండవసారి చేయించడం ఇంకా విచారకరం. ఆరేళ్ళ పిల్లకు బడి తరువాత కావలసినది ఆట, అన్నం, పది నిమిషాల పుస్తకం.

ఎంత కాలానికి ఫలితం కనిపిస్తుందని అడుగుతారు. ప్రతి పిల్లకూ వేరు. మొదటి కొన్ని నెలలు ఏమీ పలుకక కేవలం వినే పిల్లలు చాలామంది ఉంటారు. చెప్పిన పని చేస్తున్నారంటే లోపల భాష చేరుతున్నదన్నమాట. మేము కూడా తెలుగును మందిరంలో సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నవారమే; కీర్తనలు నోటికి వచ్చిన చాలా కాలానికిగాని ఒక్క వాక్యం సొంతంగా పలుకలేకపోయాము. కావున ఆ మౌనానికి భయపడవద్దు. కాని పిల్లవాడు ఇంటి భాషలోనే వయస్సుకు తగినట్టు మాట్లాడకపోతే, వెనుకనుండి పిలిస్తే తిరగకపోతే, టెలివిజన్ దగ్గరగా జరిగి కూర్చుంటే, పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివితే, అది ఆంగ్లం సమస్య కాదు. ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయి చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. ఆ సంగతి తరగతి ఉపాధ్యాయునికి కూడా చెప్పి, ముందు బల్లమీద కూర్చోబెట్టించండి.